టీచరమ్మ కొలత

ధర్మపురిలో నా కుట్టు అంగడికి ఒక టీచరమ్మ నెలనెలా వదులైన జాకెట్లు బిగుతు చేయించుకోవడానికి వచ్చేది. ఒంటరి మనిషి. అన్నం మానేసి, గుడ్లు, పనీరుతో కీటో తిండి తినేది. నేనిచ్చే చక్కెర లేని టీలో తన సంచిలోని చిన్న తీపి మాత్ర వేసుకునేది. టేపు చుట్టగానే, "ఎంత తగ్గినానమ్మా?" అని అడిగేది. అరంగుళమంటే ముఖం వెలిగిపోయేది.

ఒక వేసవిలో జాకెట్లు లేకుండానే వచ్చింది. కొలిచాను.

"ఏమీ తగ్గలేదు టీచరమ్మా."

"తెలుసు. ఇంట్లో బరువు చూసుకొనే వచ్చినాను."

"మరి ఏమిటికి వచ్చినారు?"

"బడికి సెలవులు కదా. నాలుగు దినాలుగా నాతో ఎవరూ మాట్లాడలేదు. ఇంకొక తూరి కొలిచి చూడమ్మా."

ఈసారి భుజాల నుంచి మొదలుపెట్టి, తీరిగ్గా కొలిచాను.