సుజాతక్క చోక్ తీయని రోజు

నిన్న పొద్దున ఆఫీసుకు డ్రైవ్ చేస్తుంటే క్రైస్ట్‌చర్చ్ నుంచి బావ ఫోన్.

"తమ్మీ, అక్క పోయింది" అన్నాడు.

"ఎక్కడికి బావా?" అని అడిగాను.

నిజంగానే అడిగాను. నలభై ఆరేళ్ల మనిషి. ఆదివారమే నాతో అరగంట మాట్లాడిన మనిషి. రోజూ పొద్దున్నే బండి మీద సైట్‌కు పోయే మనిషి. పోయింది అంటే పనికి పోయిందనే అనుకుంటాం కదా.

బావ మళ్లీ చెప్పాడు. మోటార్‌వే దిగి, ఏదో షాపు కార్ పార్క్‌లో ఆపి, చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఏడుపు కూడా రాలేదు. ఇప్పటికీ సరిగ్గా రావడం లేదు.

గ్రూపుల్లో అప్పుడే "బైక్ యాక్సిడెంటట కదా" అని మెసేజ్‌లు తిరుగుతున్నాయి. దయచేసి ఆపండి. యాక్సిడెంట్ కాదు, గుండె ఆగిపోయింది. బండి తప్పేమీ లేదు. పైగా ఆ బండి వల్లే విషయం బయటికి తెలిసింది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. సుజాతక్క నాకు సొంత అక్క కాదు. నేను స్టూడెంట్‌గా క్రైస్ట్‌చర్చ్‌లో దిగినప్పుడు వాళ్లింట్లో ఒక రూమ్ అద్దెకు తీసుకున్నాను. అక్కది నల్గొండ. కన్‌స్ట్రక్షన్ సైట్లలో ఇంజినీర్. బావ హాస్పిటల్లో నైట్ డ్యూటీలు చేసే నర్స్. అక్కకు రెండు పాత బండ్లు, రెండూ కార్బురేటర్‌వే. బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యేది ఆవిడ లెక్కలో బండే కాదు.

నా మొదటి చలికాలం. డ్రైవ్‌వే అంతా మంచు తెల్లగా పేరుకుంది. క్లాస్‌కు లేటవుతోందని అక్కను అడిగి చిన్న బండి తీశాను. హైదరాబాద్‌లో ఏళ్లతరబడి బండి నడిపానన్న గర్వం ఒకటి నాకు. కిక్ కొట్టడం, రేజ్ ఇవ్వడం, మళ్లీ కిక్. ముప్పై కిక్కులకు చెమటలు పట్టి మంకీ క్యాప్ తీసేశాను. అక్క వంటింటి కిటికీలోంచి చూస్తూ టీ తాగుతోంది. టీ పూర్తిగా అయ్యాకే బయటికి వచ్చింది.

"అయిపోయిందా నీ డాన్సు? ఆ కుడి చెయ్యి జేబుల పెట్టు."

"చెయ్యి జేబులో పెడితే ఎట్ల స్టార్ట్ చెయ్యాలె అక్కా?"

"కాలుతోని. ఎక్స్‌లేటర్ ముడితే చోక్ పని చెయ్యదురా. హైదరాబాద్ ఎండకు నడిచింది, ఈడ నడవది."

పెట్రోల్ ట్యాప్ తిప్పించింది. చలికి ఇంజిన్‌కు పెట్రోల్ ఎక్కువ అందించే చోక్‌ను పూర్తిగా బయటికి లాగించింది. కీ ఆన్ చేయకుండానే రెండు ఖాళీ కిక్కులు కొట్టించింది. తర్వాత కీ తిప్పి ఒకే ఒక్క కిక్.

స్టార్ట్.

ఇంజిన్ గట్టిగా అరుస్తుంటే ఎక్కబోయాను. ఆపింది. "ఆగు, దానికింక చలి పోలే" అంటూ రెండు నిమిషాలు మంచులో నిలబెట్టింది. ఇంజిన్ వేడెక్కాక చోక్ తీస్తే, అంటే లోపలికి తోస్తే, ఆ అరుపు తగ్గి మామూలు చప్పుడుకు వచ్చింది. చోక్ అలాగే ఉంచి నడిపితే ప్లగ్గు మసిబారి దారిలో ఆగిపోతుంది. ఆ తప్పు నేను రెండుసార్లు చేశాను. అక్క ఒక్కసారి కూడా చేయలేదు.

రోజూ ఆరుంపావుకు ఆవిడది అదే వరస. పెద్ద బండి స్టార్ట్ చేసి, చోక్ మీద ఉంచి, లోపలికి వెళ్లి గ్లవ్స్, హెల్మెట్ పెట్టుకుని వచ్చి, చోక్ తీసి వెళ్లిపోయేది. పక్కింటి గ్రాహం అంకుల్‌కు అదే అలారం. రిటైరైన కివీ ఆయన, ఇక్కడివాడే. ఆ చప్పుడు తగ్గగానే లేచి టీకి కెటిల్ పెట్టుకునేవాడు.

నిన్న చప్పుడు తగ్గలేదు.

ఐదు నిమిషాలు.

పది.

ఇరవై.

ఏదో తేడాగా ఉందని ఆయన డ్రెస్సింగ్ గౌనులోనే వచ్చాడట. డ్రైవ్‌వేలో బండి ఒంటరిగా అరుస్తోంది. ఇంటి తలుపు తీసే ఉంది. అక్క హాల్లో పడి ఉంది. ఒక చేతికే గ్లవ్ ఉంది. అంబులెన్స్ వచ్చేసరికే అంతా అయిపోయింది. అప్పటికి బావ డ్యూటీ దిగి ఇంకా దారిలోనే ఉన్నాడు.

"బండి ఇరవై నిమిషాలు అట్లనే అరుస్తుండెనట తమ్మీ" అని బావ అన్నప్పుడు అక్క లేదని నమ్మాను. అంతవరకు ఎక్కడో ఏదో పొరపాటు జరిగిందనే అనుకుంటున్నాను. అక్క చోక్ మర్చిపోదు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఇది రాస్తున్నదే అందుకు.

నేను ఆక్లాండ్ వచ్చి ఇక్కడి ఫ్లాట్ బుష్ ఏరియాలో సెటిల్ అయినప్పుడు అక్క ఆ చిన్న బండి నాకే ఇచ్చేసింది. ఒకటే షరతు. వారానికి ఒక్కసారైనా స్టార్ట్ చేయాలి, లేకపోతే కార్బురేటర్‌లో పెట్రోల్ జిగురులా పట్టేస్తుంది. ప్రతి ఆదివారం ఫోన్‌లో ఆఖరి ప్రశ్న అదే.

"బండి స్టార్ట్ చేసినవా?"

"చేసిన అక్కా."

అబద్ధం. ఎనిమిది నెలలుగా అబద్ధం. కారు కొన్నాక దాని మీద కప్పిన గుడ్డ కూడా తీయలేదు. మొన్న ఆదివారం కూడా అదే చెప్పాను. "మంచిగ చేసినవ్" అంది. నాతో ఆవిడ చివరి మాట అది. నాకు సిగ్గుగా ఉంది.

ఈ పొద్దున గ్యారేజ్‌లోకి వెళ్లి గుడ్డ తీశాను. అన్నీ ఆవిడ నేర్పిన వరసలోనే చేశాను. గంటసేపు కొట్టాను. కాలు వాచింది. బండి ఉలకలేదు, పలకలేదు. ఇంకేం చేయాలో తోచక ఫోన్ తీసి నంబర్ కొట్టాను. రింగవుతుండగా అర్థమైంది, ఎవరికి చేస్తున్నానో.

కట్ చేసేలోపే బావ ఎత్తాడు. అక్క ఫోన్ ఆయన చేతిలోనే ఉన్నట్టుంది.

"బండి స్టార్ట్ అయితలేదు బావా" అన్నాను.

"నాకేం తెల్సు తమ్మీ" అన్నాడు. "అక్కనడిగి చెప్త, ఆగు."

ఇద్దరం ఫోన్ పెట్టేయలేదు.

మధ్యాహ్నం ఫ్లైట్‌కు క్రైస్ట్‌చర్చ్ వస్తున్నాను.

పోయి రా అక్కా. నీకు అబద్ధం చెప్పిన ఈ తమ్ముణ్ణి క్షమించు. నువ్వు మాత్రం ఏ దిగులూ లేకుండా ప్రశాంతంగా ఉండు.