అమ్మ టీచర్ కాదు

ఈ తప్పు నాదే, ఎవరి మీదకీ నెట్టలేను. అమ్మ ఊరి నుంచి, న్యూయార్క్ దగ్గర పార్సిప్పనీలో ఉన్న నా దగ్గరికి రాకముందే, మా అపార్ట్‌మెంట్స్‌లో పై అంతస్తు ఆంటీ అడిగితే "మా అమ్మ రిటైర్డ్ టీచర్" అని చెప్పేశాను. నిజానికి అమ్మ ముప్పై ఏళ్లు బుర్రకథ దళంలో వంత. కథ చెప్పేవాళ్ల పక్కన నిలబడి, డక్కీ వాయిస్తూ, హాస్యం చెప్పేది. చిన్నప్పుడు ఆ డక్కీ సంచి మోసింది నేనే. ఇక్కడికి వచ్చాక కూడా అమ్మ వేళ్లు ఊరుకునేవి కావు. డైనింగ్ టేబుల్ మీద, కారు సీటు మీద ఎప్పుడూ దరువే.

ఒక శనివారం నేను, అమ్మ, ఆ ఆంటీ ముగ్గురం న్యూయార్క్ వెళ్లాం. ఒక పాత పేటలో ఒకప్పటి కళాకారులు ఎక్కడెక్కడ ప్రదర్శనలు చేశారో నడిపించి చూపించే టూర్ బుక్ చేశాను. అమ్మ కోసమేమీ కాదు, వీకెండ్ గడవాలి కదా.

గైడ్ అమ్మాయి ఒక జ్యూస్ షాపు ముందు ఆగింది. ఒకప్పుడు ఆ అద్దాల వెనక ఒకామె ప్రదర్శనగా వారం రోజులపాటు, దారిన పోయేవాళ్లు చూస్తుండగా, ఒకే దుప్పటి ఉతికి, ఆరేసి, మళ్లీ ఉతికిందట.

"అదేం కళమ్మా, మా ఇంట్లో రోజూ జరిగేదేగా!" అన్నారు ఆంటీ, ఫోటోలు తీసుకోవడానికి పక్కకి వెళ్తూ.

అమ్మ మాత్రం అద్దానికి మొహం ఆనించి లోపలికి చూసింది. "జనం ఆగారా? ఎంతసేపు నిలబడ్డారు?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆర్టిస్టులే అడుగుతారు.

"మీలో ఎవరైనా వీధిలో ప్రదర్శన ఇచ్చారా?" అంది గైడ్. అప్పటిదాకా గైడ్ మాటలన్నీ అమ్మకి తెలుగులో చెబుతున్నది నేనే, అలవాటు కొద్దీ అదీ చెప్పేశాను. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"మేం చెయ్యలేదేంటే? సంతల్లో, లారీల మీద! చెప్పవే."

ఆంటీ అప్పుడే మా పక్కకి వచ్చి నిలబడ్డారు. గైడ్ నా వైపే చూస్తోంది.

"నో, షి ఈజ్ ఎ రిటైర్డ్ టీచర్," అన్నాను. ఇంగ్లిష్‌లో అంటే అమ్మకి తెలియదనుకున్నాను. ఆ రెండు మాటలు తెలియనివాళ్లు మన దగ్గర ఎవరున్నారు? చేతిసంచి మీద ఆమె దరువు ఆగిపోయింది.

"అవునూ, ఏ సబ్జెక్ట్ చెప్పేవారు వదినగారూ?" అన్నారు ఆంటీ.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మ నా వైపు చూడలేదు.

"తెలుగండీ. నేను చెప్పింది తప్ప అన్నీ నేర్చుకునేవాళ్లు పిల్లలు."

ఆంటీ పడీపడీ నవ్వారు. కథ చెప్పేవాళ్లు ఏమన్నా పక్కనుంచి ఔనని నిలబెట్టడమే వంత పని. ఆ పని ఎంత బాగా చేసిందో చూసి నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి తలుపు వేశాక, "తప్పయిపోయిందమ్మా," అన్నాను.

"ఆవిడ నవ్వింది కదా. హాస్యం పండిందా లేదా, అది చెప్పు," అంది అమ్మ.

"పండిందమ్మా."

ఆ తర్వాత ఆమె మూడు నెలలుంది. మా ఇంట్లో మళ్లీ దరువు వినబడలేదు.