ఒక్కడి లెక్కన కొన్న బ్యాటరీ

"ఎంతమందికమ్మా?" అని అడిగాడు షాపాయన.

"ఒక్కనికే," అన్నాను. ఆలోచించకుండా అన్నాను. ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే నోరు చేదవుతుంది.

నిజామాబాద్ బస్టాండుకు పోయే దారిలో, గడియారాలు బాగుచేసే కొట్టు పక్కన ఉండేది ఆ షాపు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. బయట గోడకు రెండు సోలార్ ప్లేట్లు ఆనించి పెట్టేవాడు. వాటిని కొనేవాళ్లకంటే వాటిలో మొహం చూసుకొని తల దువ్వుకునేవాళ్లే ఎక్కువ. నేను కొనడానికే పోయాను. మా అన్న చెరుకు లైన్లో ఉన్నప్పుడు అతని ఊపిరి మిషన్ నడవాలి. నాకు కావాల్సింది అంతే.

అప్పుడు నేను నిజామాబాద్‌లోనే ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో నర్సుగా చేసేదాన్ని. నా నోరు మంచిది కాదని అక్కడ అందరికీ తెలుసు. రోగిని ఆలస్యంగా తెచ్చినవాళ్లను గుమ్మంలోనే కడిగేసేదాన్ని. బోధన్ దగ్గరి మా ఊళ్లో ఎవుసం చేసుకునే అన్నను కూడా వదల్లేదు. నలభై దాటినప్పటి నుంచి చలికాలం వస్తే చాలు, అతనికి ఆయాసం. ఛాతీలో పిల్లి కూసినట్టు ఉండేది. మా డాక్టరు మందు పోసి ఆవిరిగా పీల్చే మిషన్ రాసిచ్చాడు. పొద్దునోసారి, సాయంత్రమోసారి, మధ్యలో ఎప్పుడు పట్టేస్తే అప్పుడు. ఇంట్లో కరెంటు ఉంటుంది, ఫర్వాలేదు. కానీ చెరుకు కొట్టేదీ చలికాలంలోనే. ఆయాసమూ, చెరుకు లైనూ మా అన్నకు ఒక్కసారే వచ్చేవి.

లైనంటే తెలియనివాళ్లకు చెప్పాలి. ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు పొడుగునా చెరుకు ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు ఒకదాని వెనక ఒకటి నిలబడేవి. రెండు రోజులు పట్టొచ్చు, మూడు పట్టొచ్చు. నాలుగడుగులు కదిలితే మళ్లీ ఆగడం. బండి విడిచి ఇంటికి పోతే వంతు పోతుంది. అందుకని అక్కడే మూడు రాళ్ల మీద వంట, ట్రాలీ కింద గడ్డి పరుచుకొని పడక. మా అన్నకు పిల్లల్లేరు. డ్రైవర్ని పెట్టుకోమంటే, "వాడు గేరు ఇరగ్గొడ్తడు," అనేవాడు. అసలు సంగతి వేరు. లైన్లో ఉండడం అతనికి ఇష్టం.

ఇంట్లో ట్రాక్టర్ బ్యాటరీ ఉండగా ఇంకోటి ఎందుకని షాపాయనతో వాదన వేసుకున్నాను. ఆయన ఓపికగా విన్నాడు.

"ట్రాక్టర్ బ్యాటరీ కోపిష్టిదమ్మా. ఒక్కపారి గట్టిగ అరిసి ఇంజన్ లేపుతది, గంతే. దానితోని దినామంతా పని చేపిస్తే పాడైతది. అది దిగిపోతే లైన్ కదిలినప్పుడు బండి లెవ్వదు, ఎనకటోళ్లు ఊకుంటరా? మీకు కావాల్సింది నిమ్మలంగ ఇచ్చేటిది." అని ట్యూబులర్ బ్యాటరీ చూపించాడు. కోపిష్టిది అన్నప్పుడు నన్ను చూసే అన్నాడేమో అనిపించింది.

మందుల చీటీ వెనక లెక్క వేశాడు. మిషన్ ఒకసారికి పావుగంట. రోజుకు నాలుగుసార్లు అనుకుందాం. పొద్దున మంచు కురిసి ఎండ లేని రోజులు రెండు. మిషన్ ఇంటి కరెంటుతో నడిచేది కాబట్టి మధ్యలో ఇన్వర్టర్ డబ్బా ఒకటి, అది తినేది కొంత. ప్లేటు ట్రాక్టర్ టాపు మీద పట్టాలి, పెద్దది పట్టదు. అన్నీ అయ్యాక రెండు బ్యాటరీలు నా ముందు పెట్టాడు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

"లైన్ల అంటున్నరు. పెద్దదే తీస్కపొండి," అన్నాడు.

పెద్దదాన్ని పట్టుకొని లేపి చూశాను. నా నడుము పట్టేసింది. ఆయాసం మనిషి దీన్ని రోజూ ఎక్కించి దించుతాడా? "ఒక్కనికి గింత పెద్దది ఏం జేసుకుంటడు?" అని చిన్నదే తీసుకున్నాను. ఆయన మళ్లీ ఒత్తిడి చేయలేదు. బ్యాటరీ దిగిపోయి, ప్రాణం మీదికొస్తే మాత్రం ఇన్వర్టర్ క్లిప్పులు తీసి ట్రాక్టర్ బ్యాటరీకే తగిలించమన్నాడు. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. నేను రెండుసార్లు చెప్పించుకొని, అన్నకు పదిసార్లు చెప్పాను.

అన్నకు సామాను నచ్చింది, మిషనే నచ్చలేదు. "లైన్ల అందరి ముందల మూతికి గిది పెట్టుకొని కూసుంటె ఏమనుకుంటరు చెల్లె? ఇగ వీని పని అయిపోయిందంటరు," అన్నాడు.

"ఏమన్న అనుకోనీ. పీలుస్తవా, సస్తవా?"

"పీలుస్త. కని లైట్లకోసం తెచ్చిన్నని చెప్త."

"నీ ఇష్టమొచ్చింది చెప్పుకో," అన్నాను. మిషన్‌ను గుడ్డ సంచిలో పెట్టి సీటు వెనక దాచుకున్నాడు. ఆ అబద్ధానికి నేనే ఒప్పుకున్నాను. అది కూడా నా ఖాతాలోదే.

మొదటి రెండు ట్రిప్పులు బాగానే గడిచాయి. ఫ్యాక్టరీలో చెరుకు పోసి వచ్చి, దవాఖానకు ఫోన్ చేశాడు. "మస్తు పని చేస్తున్నది చెల్లె. చెరుకు మొయ్యకుంట ట్రాక్టర్ తీస్కొని తిరుగుదామనిపిస్తున్నది. సిరికొండ దిక్కు అడవిల పోయి రెండు దినాలు ఉండొస్త," అని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో దగ్గు లేదు. ఆ రోజు దవాఖానలో ఎవరినీ తిట్టలేదు నేను. కనిపించినవాళ్లందరికీ సోలార్ ప్లేటు గురించి చెప్పి విసిగించాను.

మూడో ట్రిప్పుకు లైన్ పెద్దది. రెండు రోజులు మంచు విడవలేదు. అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి సెల్‌ఫోన్లు వస్తున్నాయి. అన్న ట్రాక్టర్ మీద బల్బు వెలగడం చూసి ముందు ఒకాయన చార్జింగుకు ఫోన్ తెచ్చాడట. తర్వాత ఇంకొకాయన. ఆ తర్వాత ఒక బల్బు నాలుగయ్యింది. వెనక ఎడ్లబండి దగ్గర చెరుకు కొట్టేవాళ్ల కుటుంబం ఒకటి ఉంది, వాళ్లలో ఒక పసిపిల్ల తల్లి. ఆమె పడుకున్న చోటికి వైరు గుంజి బల్బు పెట్టించింది అన్నే. కాదనడం అతనికి రాదు. లైట్లకోసం తెచ్చానని తనే చెప్పుకున్నాక ఏమని కాదంటాడు?

మూడో రోజు తెల్లారకముందే బ్యాటరీ దిగిపోయింది. అన్న ట్రాక్టర్ పక్కన కూలబడి ఉంటే చూసి ఎవరో మోటర్ సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టుకొని బోధన్ తీసుకుపోయారు. దారిలోనే అయిపోయింది.

నేను పోయేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. ఏడవలేదు నేను. వదినె నన్ను లోపలి అర్రలోకి తీసుకుపోయి సంచి చేతికిచ్చింది. మిషన్ కప్పులో మందు పోసి ఉంది. పీల్చిన మందు కాదు, పోసింది పోసినట్టే ఉంది. "ట్రాక్టర్ బ్యాటరీకి ఒక్క క్లిప్పు పెట్టిండట. ఇంకోటి చేతిలనే ఉన్నదట," అంది వదినె. అప్పుడు ఏడ్చాను.

దినాలు జరిగినన్ని రోజులూ నేను లోపల లెక్కలే వేశాను. బల్బులు నాలుగు, ఫోన్లు ఎన్నో, మంచు రెండు రోజులు. ఆ నాలుగు బల్బుల్లో ఒక్కటి ఆర్పి ఉంటే ఒక పావుగంట మిగిలేది. ఆ పావుగంట చాలు అన్నకు. లైన్లో ఉన్నవాళ్లందరినీ పేరుపేరునా తిట్టుకుందామంటే పేర్లు తెలియవు. షాపాయనను తిడదామంటే, పెద్దది తీసుకోమని చెప్పిందే ఆయన. ఆఖరికి అన్ననే తిట్టాను, పటం ముందు నిలబడి. సిగ్గుపడి చచ్చిపోయావు గదరా అన్నాను. అన్నను ఎన్నడూ రా అనలేదు నేను.

కానీ లైన్ సంగతి నాకు తెలియంది కాదు. అమ్మ పోయిన ఏడాది, నాకు ఆరేళ్లప్పుడు, ఇంట్లో ఒక్కదాన్నే విడిచిపెట్టలేక అన్న నన్ను ఎడ్లబండి మీద చెరుకు లైనుకు తీసుకుపోయాడు. మేము తీసుకుపోయిన సద్ది రెండో రోజుకే అయిపోయింది. మంజీర అవతల నుంచి వచ్చిన ఒక మరాఠీ ఆమె జొన్నరొట్టె మీద కారం పెట్టి, నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకొని తినిపించింది. ముందు బండి వాళ్ల గొంగడిలో పడుకున్నాను, వెనక బండి వాళ్ల నీళ్లతో మొహం కడుక్కున్నాను. మా ఎడ్లకు మేత ఎవరు వేశారో కూడా తెలియదు. అక్కడ నాది, నీది అని అడిగినవాళ్లను నేను చూడలేదు. అట్లా పెరిగినదాన్ని, షాపులో నిలబడి ఒక్కనికే అన్నాను. నిజామాబాద్‌లో ఒక్కదాన్నే గది తీసుకొని, ఒక్కదానికే బియ్యం పోసుకొని పదేళ్లు ఉన్నాను కదా, ఆ లెక్కే అలవాటైపోయింది. మందు ఎన్ని చుక్కలో చెప్పగలిగినదాన్ని, మా అన్న లైన్లో ఒక్కడిగా ఉండడని మాత్రం గుర్తు పెట్టుకోలేకపోయాను.

పన్నెండో రోజు దాటాక, ఒక పొద్దున, వర్ని దిక్కు రైతు ఒకాయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అరవై ఉంటాయి. అన్నను మోటర్ సైకిల్ మీద పట్టుకొని కూర్చున్నది తనేనని చెప్పాడు. అరుగు మీద చాప వేసి చాయ్ ఇచ్చాను. ఇన్ని రోజులూ తిట్టుకున్న మనుషుల్లో ఒకడు నా ఎదురుగా కూర్చున్నాడు. గ్లాసు ఆయన చేతికి ఇచ్చేటప్పుడే అడగాల్సిన మాటలన్నీ నాలుక చివర పెట్టుకున్నాను.

"మీ అన్న అసుంటి మనిషిని నేను సూడలేదక్కా," అన్నాడు ఆయన. "రెండు రాత్రులు మాకందరికి లైటిచ్చిండు. నా బిడ్డ కాన్పుకు దవాఖానల ఉండె, నా ఫోను బందైతె ఆయననే చార్జింగు పెట్టిచ్చిండు. నడిరాత్రి మనవరాలు పుట్టిందని గా ఫోన్లనే ఇన్న."

ఆయన గ్లాసులో ఇంకొంచెం చాయ్ పోశాను.

"గా తెల్లారుగట్లనే లైట్లు పోయినయ్. డబ్బ కుయ్ కుయ్‌మని కూసి బందైంది. పోనీతియ్ అని మేం ముసుగు తన్నినం. మీ అన్న ఊకోలే. పాణం బాగలేకున్నా లేసి, ట్రాక్టర్ బ్యాటరీకి వైరు తగిలియ్యబోయిండు. పసిపిల్ల తల్లి చీకట్ల ఉన్నదని బాధపడ్డడు. ఆఖరికి గూడ మా గురించే లేసిండక్కా." గ్లాసు కింద పెట్టి నన్ను చూశాడు. "గందుకే గద?"

లోపలి అర్రలో వదినె ఉంది. బియ్యం చెరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. మిషన్ సంచి ఆమె తల వెనక కొయ్యకే వేలాడుతోంది. లేచి పోయి, తెచ్చి, ఈయన ముందు పెట్టి, ఆ డబ్బా దేనికి కొన్నామో చెప్తే చాలు. ఇంటికి పోయి మనవరాలిని ఎత్తుకున్నప్పుడల్లా ఈయనకు మా అన్న ఊపిరి గుర్తొస్తుంది.

"అవును," అన్నాను. "మీ గురించే లేసిండు."

ఆయన కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. లోపల చాట చప్పుడు మళ్లీ మొదలైంది.