ఆటోనగర్‌లో సర్వర్ దించిన ఆదివారం

ఇది నేను కోరి పెట్టుకున్న ప్రయాణం కాదు. బండ్లు బాగుచేసే షెడ్లతో నిండిన విజయవాడ ఆటోనగర్‌లో ట్రాక్టర్ విడిభాగాలు హోల్‌సేల్‌గా అమ్మే ఒక షాపువాళ్ళు సొంత సర్వర్ వదిలించుకుని క్లౌడ్‌కి మారదామనుకున్నారు. అంటే బిల్లులు, సరుకు లెక్కలు ఇకమీదట షాపులోని యంత్రంలో ఉండవు. ఎక్కడో ఒక పెద్ద కంపెనీ అద్దెకిచ్చే యంత్రాల్లో ఉంటాయి, వీళ్ళు ఇంటర్నెట్‌లో వాడుకుంటారు. హైదరాబాద్‌లో నా ఉద్యోగమే ఇది. ఇలాంటివి ఎన్ని చేశానో లెక్క పెట్టడం మానేశాను, అన్నీ ఆదివారాలే. డెల్టాలో నాట్లు మొదలయ్యాయి కాబట్టి సోమవారం షాపు తెరిచేసరికి బిల్లు రావాల్సిందేనని యజమాని సుజాత గారు ముందే గట్టిగా చెప్పారు. ఇదే పని మీద ఇటు వచ్చేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కితే తెల్లవారి ఐదున్నర, ఆరు మధ్య విజయవాడలో దింపుతుంది. పై బెర్తు దొరికింది, నిద్ర మాత్రం దొరకలేదు. స్టేషన్ బయట ఆటోనగర్‌కి రెండు వందల యాభై అడిగారు. బేరమాడే ఓపిక లేకపోయినా అలవాటు కొద్దీ రెండు వందలన్నాను, డ్రైవర్ సరేనన్నాడు.

"ఆదివారం ఆటోనగర్లో ఏం పనండీ, బండేమన్నా ఆగిపోయిందా?"

"బండి కాదండీ, కంప్యూటర్."

"ఓహో, అయ్యి కూడా ఇక్కడికే తెచ్చేత్తన్నారా" అన్నాడు, ఏమాత్రం నవ్వకుండా.

పటమటలో ఆపించి వేడిగా పెసరట్టు ఉప్మా తిన్నాను. అల్లం పచ్చడి బాగా ఘాటుగా ఉంది. ఆ రోజు మొత్తంలో నాకు నచ్చినట్టు జరిగిన పని అదొక్కటే.

షాపు ముందు రఫీ గారు ఎదురుచూస్తున్నారు. యాభై దాటిన మనిషి. వాళ్ళ నాన్న, అన్నయ్య ఇంజన్ మెకానిక్కులు. ఈయన మాత్రం కంప్యూటర్ నేర్చుకుని, ఆ షాపులో సర్వర్ పెట్టిన నాటి నుంచీ దాన్ని చూసుకుంటున్నారు. పై అంతస్తులో సర్వర్ గది ఉంది, షాపు మొత్తానికి ఏసీ ఉన్నది అందులోనే. నేను మెట్లవైపు నడుస్తుంటే ఆయన ఆపారు.

"పైన ఏం లేదు మేడం. దించేశాం."

షాపు వెనక షెడ్డులో నేల మీద పాత దుప్పటి, దాని మీద సర్వర్ ముక్కలుముక్కలుగా ఉంది. మూత ఒక పక్క, ఫ్యాన్లు ఒక పక్క, డిస్కులు నాలుగూ వరసగా. పక్కన టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్.

"ఇదేంటండీ?"

"మీరే కదండీ నిన్న ఫోన్లో దించేసి ఉంచమన్నారు. మా అన్నయ్యని కూడా రమ్మన్నాను, బరువు కదా. శుభ్రంగా గాలి కొట్టేశాం. ఎంత దుమ్మనుకున్నారు!"

ఆటోనగర్‌లో దించడమంటే ఇంజన్‌ని బండిలోంచి బయటికి తీసి, విప్పి, బాగుచేయడం. సర్వర్ డౌన్ చేయండి అని ఉంటే ఆయన స్విచ్ ఆపి ఊరుకునేవారు. కృష్ణా జిల్లావాళ్ళతో కాస్త చక్కటి తెలుగులో మాట్లాడదామనిపించి నేనే దించమన్నాను. నా మీద నాకే ఒళ్ళు మండింది. శనివారం బిల్లులన్నీ ఆ డిస్కుల్లోనే ఉన్నాయి.

నేనూ రఫీ గారూ కిందే కూర్చుని మళ్ళీ బిగించాం. మొదటిసారి లేవలేదు. ఒక డిస్కు సరిగ్గా కూర్చోలేదని చూసి, తీసి మళ్ళీ నొక్కితే అప్పుడు పచ్చదీపాలు వెలిగాయి. రఫీ గారు కళ్ళు మూసుకుని పెదాలు కదిపారు. నేను వెంటనే శనివారం బిల్లులు తెరిచి చూశాను, అన్నీ ఉన్నాయి. మధ్యాహ్నానికి లెక్కలన్నీ క్లౌడ్‌లోకి చేరాయి.

ఈ షాపుకి గుడివాడలో ఉన్న బ్రాంచిలో ఒక బిల్లు కొట్టి చూస్తేగానీ పని అయినట్టు కాదు. రఫీ గారూ నేనూ ఆటోనగర్ గేటు దగ్గర బస్సెక్కాం. ఇక్కడ ఆడవాళ్ళకి బస్సు ఉచితమే గానీ ఈ రాష్ట్రం కార్డు ఉండాలి. నాది హైదరాబాద్ ఆధార్ కాబట్టి టికెట్ కొన్నాను. గంటన్నర ప్రయాణం. కానూరు, పోరంకి దాటి కంకిపాడు దాకా ఊరు వదలదు, ఆ తరువాత రెండు పక్కలా నీళ్ళు పెట్టి దమ్ము చేసిన మళ్ళు, వంగి నాట్లేస్తున్న ఆడవాళ్ళు. కిటికీ పక్క సీటు దొరికినా సగం దారి కునికిపాట్లే పడ్డాను.

"మళ్ళీ ఎప్పుడు ఎక్కిస్తామండీ?" రఫీ గారు ఉన్నట్టుండి అడిగారు.

"ఏది?"

"సర్వర్. ఇంజన్ దించేది ఎక్కించడానికే కదా. గది తుడిపించి పెట్టాను."

క్లౌడ్‌లో పెట్టింది కాపీ మాత్రమే అనుకుంటున్నారని, అసలు సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదని అప్పుడు అర్థమైంది. ఆ యంత్రం తుక్కుకి పోతోందని, ఆ గది గోడౌన్‌లో కలిసిపోతోందని సుజాత గారు నాకు చెప్పారు, ఆయనకి చెప్పలేదు. "గుడివాడలో మాట్లాడదామండీ" అని కిటికీ వైపు తిరిగాను. నిజానికి భయమేసింది.

బ్రాంచిలో కౌంటర్ చూసుకునే ఝాన్సీ గారు బిల్లు కొట్టారు. క్షణంలో వచ్చింది. "అయితే ఇంక సిస్టం ఆగిందని రఫీ గారిని విసిగించక్కర్లేదన్నమాట" అన్నారు సంబరంగా. ఆవిడ మంచికే అన్నారు.

బయటికొచ్చాక రఫీ గారు అడగకముందే అంతా చెప్పేశాను.

"అయితే రేపు పొద్దున షాపుకొచ్చి నేనెక్కడ కూర్చోవాలండీ?"

అక్కడే నిలబడి సుజాత గారికి ఫోన్ చేశాను. చర్చి నుంచి ఇప్పుడే వచ్చామని, సోమవారం చూద్దామని అన్నారు. "సోమవారం కుదరదండీ, ఇప్పుడే చెప్పండి" అని ఫోన్ రఫీ గారి చేతిలో పెట్టేశాను. అవతల ఏమన్నారో నాకు వినిపించలేదు. ఈయన "అలాగేనండి" అని రెండుసార్లు అని ఫోన్ తిరిగిచ్చారు.

"కౌంటర్లో కూర్చోమన్నారండి. బ్రాంచీల బిల్లింగ్ చూసుకోమన్నారు" అన్నారు. బస్టాండు వైపు నడుస్తూ, "ముందే చెప్తే సర్వర్‌ని నేనే దగ్గరుండి ఆపేవాణ్ణి కదండీ" అన్నారు.

తిరుగు రైల్లో ఆ మాటే వినబడుతూ వచ్చింది. ఇన్నేళ్ళుగా యంత్రాల్లోంచి లెక్కలు జాగ్రత్తగా తరలిస్తున్నాను, ఒక్క అంకె పోనివ్వను. ఆ యంత్రం పక్కన కుర్చీలో కూర్చున్న మనిషి సంగతి మాత్రం నా పనిలోకి రాదనుకున్నాను. ఆయన ఉద్యోగం నిలిచినందుకు సంతోషించాలి గానీ, అలసట తప్ప ఇంకేమీ అనిపించలేదు. మీరూ ఇలాంటి పని మీద వెళ్తుంటే నేను చెప్పేది ఒక్కటే. ఒకరోజు ముందే వెళ్ళండి. సర్వర్ చూసుకునే మనిషి రేపటి నుంచి ఎక్కడ కూర్చుంటారో ఆయన ఎదురుగానే యజమానిని అడగండి, జవాబు వచ్చాకే స్విచ్ ఆపండి.