లక్ష్మీరాజం నేసిన అడ్డుతెర

సిరిసిల్లలో నారాయణ సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనిచేసే లక్ష్మీరాజానికి కళ్లు మసకబారి చాలా రోజులైంది. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. ఆసామి నారాయణకు తెలిస్తే పనిలోంచి తీసేస్తాడని భయం. గుడ్డలో లోపమొస్తే దారాన్ని తిట్టేవాడు. బజార్లో ఎవరినీ గుర్తుపట్టి పలకరించకపోయేసరికి మనిషికి గర్వమెక్కిందన్నారు. ఆ పేరు ఆయనకు బాగానే పనికొచ్చింది.

అలాంటివాడు కూతురు దీప పెళ్లి కుదరగానే నోరు ఊరుకోక, "అడ్డుతెర నేనే నేస్త, మన పాత చేమగ్గం మీద" అనేశాడు. జీలకర్ర బెల్లం పెట్టేదాకా వధూవరుల మధ్య పట్టే తెర అది.

"బజార్ల దొర్కదా?" అంది భార్య వజ్రమ్మ.

నేతగాని బిడ్డకు బజారు తెరనా అని అలిగి అన్నం మానేశాడు. తలుపేసుకుని, చేత్తో తడుముకుంటూ నేసి, ఎవరూ విప్పి చూడకుండా మడతపెట్టి బీరువాలో దాచాడు.

కోరుట్లలో పెళ్లి. పంతులు తెర పట్టించాడు. నడుమ పోగులు తెగి, అతకకుండా వదిలేసిన చోట పెద్ద సందు. అందులోంచి పెళ్లికొడుకు సతీశ్ ముఖమంతా కనిపిస్తోంది. దీప చూసింది, అతనూ చూశాడు, ఇద్దరికీ నవ్వాగలేదు. ముహూర్తం కాలేదని పంతులు కంగారుగా చెయ్యి అడ్డం పెట్టాడు.

హాలు నిండా నేతవాళ్లే. తెగిన పోగు అతకనిదే ముందుకు పోని చేతులు వాళ్లవి. అందరూ తెరను వదిలేసి లక్ష్మీరాజం కళ్లకేసి చూశారు.

"తెరకు కిటికీ ఎందుకు పెట్టినవ్?" వజ్రమ్మ చెవిలో అడిగింది.

"అదొక డిజైను."

జీలకర్ర బెల్లం అయింది, తెర తీశారు. అక్షింతలు వేయడానికి నారాయణ వచ్చి పక్కనే నిలబడ్డాడు. దీప తండ్రి వైపు తిరిగింది.

"నాయినా, నేను నవ్వుతున్ననా, ఏడుస్తున్ననా?"

నవ్వుతున్నవ్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆసామి వింటున్నాడు. అయినా ఈ ఒక్కరోజు ఆ పిల్లతో అబద్ధమాడడానికి ఆయనకు నోరు రాలేదు.

"దగ్గరికి రా బిడ్డ. చూసి చెప్త."

నారాయణ అక్షింతలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "మరి నా సాంచెలు ఏం చూసి నడుపుతున్నవ్?"

"చప్పుడు ఇని," అన్నాడు లక్ష్మీరాజం తల దించుకుని.

దీప పీటల మీదే ముందుకు వంగింది. ఆమె బాసికం ఆయన నుదుటికి తగిలింది. లక్ష్మీరాజం కళ్లు చికిలించి ఆ ముఖాన్ని తనివితీరా చూశాడు.

"రెండూ చేస్తున్నవ్ గదనే" అన్నాడు.