లెక్కలమ్మ చూసుకోని లెక్క

ల్యాబ్‌లో ఆమెను అందరూ లెక్కలమ్మ అంటారు. పందొమ్మిదేళ్లుగా మైక్రోస్కోపు కింద క్రోమోజోములు లెక్కపెట్టడమే పని. మనిషి కణంలో అవి నలభై ఆరుండాలి. "నలభై ఆరు దాటితే మా ఆవిడ పళ్లెంలో బఠాణీలు కూడా పక్కన పెట్టేస్తుంది" అని మొగుడు నవ్వించేవాడు.

ఈసారి కడుపులో బిడ్డ కణాలు చూడమని వచ్చిన ఉమ్మనీటి శాంపిల్ సొంత చెల్లెలిది, ఆమెకిది నాలుగో కడుపు. మూడుసార్లు కడుపు పోయాక, తేడా చెల్లెలి క్రోమోజోముల్లోనే ఉందని కిందటేడు తేలింది. ఇంటిమనిషిది చూడకూడదని నియమం. కానీ రెండో టెక్నీషియన్ మానేసి నెలైంది, డాక్టరమ్మ సరేనంది.

క్రోమోజోములు ఎప్పుడు పడితే అప్పుడు కనిపించవు. కణం విడిపోయే ముందు పొట్టిగా, లావుగా మారి నడిమధ్యకొచ్చి వరుసగా నిలబడతాయి. సరిగ్గా అప్పుడే మందు వేసి ఆపాలి. లేదంటే సన్నటి దారాలు వాటిని చెరో కొసకీ లాక్కుపోతాయి. అసలు విడిపోవడమంటూ మొదలైతేగా! ఎనిమిదో రోజుకీ ఫ్లాస్కు అడుగున కణాల్లో చలనం లేదు. "పెరగండి తల్లీ, మీ కాళ్లు పట్టుకుంటా" అని గొణుక్కునేది. చెల్లెలు ఫోన్ చేస్తే "ఇంకా రాలేదే" అని పెట్టేసేది.

పదకొండో రోజు కొన్ని కణాలు గుండ్రంగా ఉబ్బాయి. మందు వేసి స్లైడు చేసింది. లెక్క నలభై ఆరే. కానీ ఒకదాని కొస పొడుగ్గా ఉంది. ఇంకో కణంలోనూ అంతే. ఇరవై కణాలు చూసింది. చూసినవే మళ్లీ చూసింది.

సాయంత్రం వెళ్లేసరికి చెల్లెలు మంచం మీద కూర్చుని ఉంది. అక్క మొహం చూడగానే తెలిసిపోయింది.

"కిందటేడు డాక్టరమ్మ చెప్పింది తలకెక్కలేదు. నువ్వు చెప్పక్కా."

"నీలో రెండు క్రోమోజోములు ముక్కలు మార్చుకున్నాయి. అన్నీ నీలోనే ఉన్నాయి కాబట్టి నీకేం కాలేదు. అండం తయారయ్యేటప్పుడు వాటిని రెండు పక్కలకీ లాగి పంచాలి. ఆ పంపకంలో ఒక్కోసారి ఒక ముక్క ఎక్కువా, ఒకటి తక్కువా పడుతుంది."

"నాలుగుసార్లూనా?"

లెక్కలమ్మ వెళ్లి చెల్లెలి పక్కన మంచం మీద కూర్చుంది.

"అమ్మానాన్నల్లో ఎవరి దగ్గర్నుంచో వచ్చుంటుంది. మరి నీలో?"

"చూసుకోలేదు."

"ఏడాదైంది. రోజూ అక్కడే కూర్చుంటావు."

"భయమేసిందే. పాప ఉందిగా, నాలో ఉంటే దానికీ వచ్చుండొచ్చు."

"అవును, నీకు పాప ఉంది" అని చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుంది.

ఏం చెయ్యాలో తేల్చుకునేలోపే, పదిరోజులకి ఆ కడుపూ నిలవలేదు. ఆస్పత్రిలో పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే చెల్లెలు విడిపించుకోలేదు, ఇటు తిరగనూ లేదు. ఇంటికొచ్చాక కూతురు అన్నం వడ్డించింది. లెక్కలమ్మ ఇవాళ్టికీ తన రక్తం పరీక్షకి ఇవ్వలేదు.