నా బిడ్డను ఏడిపించిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, సాక్ష్యమంటే ఏడుపు ఆగిపోయిన కథే అనుకుంటారు మీరు, నాది ఏడుపు మొదలైన కథ, కాస్త ఓపిక పట్టండి.

నేనూ మా ఆయనా షార్జాలో ఉంటాం, నేను నర్సును. నలభై దగ్గర పడ్డాక ప్రభువు నాకు ఒక కూతుర్ని ఇచ్చాడు, కృప అని పేరు పెట్టుకున్నాం. కాన్పు సెలవు అయిపోగానే ఇక్కడి నర్సులు చాలామంది చేసే పనే నేనూ చేశాను, పాలు మాన్పించి ఆ పసిగుడ్డును భీమవరంలో మా అక్క ఒడిలో పెట్టి వచ్చాను, ఆ వెంటనే కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి! నా బిడ్డ ఫోను తెరలోనే బోర్లాపడింది, తెరలోనే నడిచింది.

దారులు తెరుచుకున్నాక అక్క దాన్ని షార్జా తెచ్చి మాకు అప్పగించి, వీసా గడువు తీరి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి కృప ఏడవడం మానేసింది. పడినా ఏడవదు, ఆకలేసినా ఏడవదు, ఎత్తుకుంటే కర్రలా బిగుసుకుని గోడవైపు చూసేది. ఇక్కడే రోలా అనే పేటలో జరిగే మా ప్రార్థన కూటంలో ఎస్తేరక్క "ఎంత బుద్ధిమంతురాలే నీ కూతురు, నోరే తెరవదు, నీ పోలిక రాలేదు!" అని నవ్వింది. "వార్డులో నోరు తెరవని పేషెంటు దగ్గరికే మేం ముందు పరిగెత్తేది, అక్కా" అన్నాను.

అక్కడే మోకరించి గట్టిగా ప్రార్థించాను: "ప్రభువా, నీతో వాదించడానికే వచ్చాను. దాన్ని నవ్వించమనడం లేదు, నా కోసం ఏడిపించు. అమ్మ వస్తుందని ఆశ ఉన్న బిడ్డే ఏడుస్తుంది, ఆ ఆశ దానికి మళ్లీ పుట్టించు!"

పాస్టరమ్మగారు ఉలిక్కిపడ్డారు. "అదేం ప్రార్థనమ్మా?"

"అడగడం నా వంతండీ, ఆమెన్ అనడం మీ ఇష్టం."

నెలలు గడిచాయి. డ్యూటీ నుంచి రాగానే ఆ బిగుసుకున్న ఒంటిని గుండెకు హత్తుకుని కూర్చునేదాన్ని, అది నన్ను ముట్టుకునేది కాదు, దేవుడూ మాట్లాడేవాడు కాదు.

ఒక ఉదయం యూనిఫాం వేసుకుని తలుపు తీశాను, మా ఆయన చేతుల్లోంచి కృప జారి దిగి, నా కాళ్లు చుట్టేసుకుని, బిల్డింగంతా దద్దరిల్లేలా ఏడ్చింది! స్తోత్రం! కింద మా ఆసుపత్రి బస్సు డ్రైవరు ఫోను చేసి "సిస్టర్, యల్లా యల్లా!" అని తొందరపెడుతున్నాడు. "నువ్వెళ్లు భాయ్, ఈరోజు డ్యూటీ ఖలాస్" అని గడపలోనే కూలబడ్డాను, ఇద్దరం కలిసి ఏడ్చాం.

ఇప్పుడది బడికి వెళ్తోంది. అయినా నేను స్నానానికి వెళ్తే తలుపు బయటే కూర్చుంటుంది, నిద్రలో నా ముఖం తడిమి చూసుకుంటుంది. ఆ భయం ఇంకా పోలేదు, పోయిందని మీకు అబద్ధం చెప్పను. ఇంతవరకు తెచ్చిన దేవునికే మహిమ.

అమ్మల్లారా, ఏడ్చే బిడ్డను విసుక్కోకండి, ఎత్తుకోండి. ఏడవడం మానేసి కూర్చున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఆయన దగ్గర ఒక్కసారి నోరు తెరవండి. ఆయన ఆ కేక కోసమే చెవి ఒగ్గి ఉన్నాడు.